నిస్సాన్ 370జెడ్‌కు ఆయిల్ కూలర్ ఎందుకు కావాల్సి వచ్చింది?

క్లుప్తంగా: మామూలు రోడ్డు మీద ఆరోగ్యంగా ఉన్న స్పోర్ట్స్ కారులో ఇంజిన్ ఆయిల్ హద్దు దాటి వేడెక్కడం అరుదు. రేస్ ట్రాక్ మీద ఆపకుండా పదిహేను, ఇరవై నిమిషాలు నడిపితే మాత్రం కంపెనీ ఇచ్చిన ఏర్పాటు కొన్ని కార్లకు చాలదు. ఆయిల్‌ను గాలితో చల్లబరిచే చిన్న రేడియేటర్ లాంటి భాగం, అంటే అదనపు ఆయిల్ కూలర్, ఆ లోటు తీరుస్తుంది. అయితే థర్మోస్టాట్ (తగినంత వేడెక్కాకే దారి తెరిచే వాల్వు) లేకుండా బిగిస్తే ఆయిల్ అతిగా చల్లబడుతుంది. గాలి సరిగా తగలని చోట పెడితే వేడి దిగదు. గొట్టాలు, బిగింపులు నాసిరకమైతే కొన్ని సెకన్లలో ఇంజినే పోతుంది. కొనే ముందు చూడాల్సింది కూలర్ సైజు కాదు, ఆయిల్ ఉష్ణోగ్రత చూపించే మీటర్.

ఒక కారు, ఒక మీటర్

2008 నవంబరులో లాస్ ఏంజిలిస్ ఆటో షోలో నిస్సాన్ తన 370జెడ్ స్పోర్ట్స్ కారును బయటపెట్టింది. అందులో 3.7 లీటర్ల వీ6 ఇంజిన్ ఉంది. టర్బో లేదు. అమెరికా మోడల్‌లో 332 హార్స్‌పవర్, ఇంజిన్ తిరగగలిగే హద్దు 7,500 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు). భారత్‌లోనూ ఈ కారును కొంతకాలం అమ్మారు. డ్యాష్‌బోర్డు నడుమన, పైభాగంలో మూడు గుండ్రటి మీటర్లు ఉంటాయి. ఒకటి గడియారం, ఒకటి బ్యాటరీ వోల్టేజీ, మూడోది ఇంజిన్ ఆయిల్ ఉష్ణోగ్రత. ఈ మూడో మీటర్ చాలా కార్లలో కనిపించదు. 370జెడ్ ఆయిల్ వేడి ఇంతగా చర్చకు రావడానికి అదీ ఒక కారణం. జరుగుతున్నది కళ్లెదుటే కనిపించింది.

మొదటి ఏళ్లలో వచ్చిన కార్లకు ఆయిల్ కూలర్ లేదు. రోడ్డు మీద ఆ లోటు తెలియలేదు. ట్రాక్ మీదికి తీసుకెళ్లినవారికి మాత్రం కొన్ని ల్యాప్‌లు (ట్రాక్ చుట్లు) తిరిగేసరికి ముల్లు 280 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరికి చేరడం కనిపించింది. అంటే సుమారు 138 డిగ్రీల సెల్సియస్. అక్కడికి వచ్చాక కారులోని కంప్యూటర్ ఇంజిన్‌ను పై ఆర్‌పీఎంకు పోనివ్వదు. దీన్నే లింప్ మోడ్ అంటారు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా కారు ముందుకు ఉరకదు. ఇంజిన్ చెడిపోయిందని కొందరు కంగారు పడ్డారు కానీ, అది చెడిపోకుండా కాపాడే ఏర్పాటే. ఆ తర్వాతి ఏళ్లలో స్పోర్ట్ ప్యాకేజీ ఉన్న కార్లకు నిస్సాన్ తానే ఆయిల్ కూలర్ బిగించి ఇచ్చింది. ఈలోగా బయటి కంపెనీల కిట్లకు పెద్ద మార్కెట్ ఏర్పడింది.

ఇలాంటి పరిస్థితి మరో కారులోనూ వచ్చింది. 2016 ఫోర్డ్ షెల్బీ జీటీ350లో తక్కువ ధర రకాలకు గేర్‌బాక్స్ ఆయిల్‌కు, చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్ ఆయిల్‌కు కూలర్లు ఇవ్వలేదు. ట్రాక్ మీద ఆ కార్లు లింప్ మోడ్‌లోకి వెళ్తున్నాయని అమెరికాలో కొందరు యజమానులు కోర్టుకు వెళ్లారు. 2017 మోడల్ నుంచి ఆ కూలర్లను అన్ని జీటీ350లకూ ఇచ్చారు. ఇక్కడ వేడెక్కింది ఇంజిన్ ఆయిల్ కాదు, కానీ మూలం ఒకటే. ట్రాక్ కోసం కొన్న కారుకు, ట్రాక్ మీద పుట్టే వేడిని బయటికి పంపే భాగం ముందుగా లేదు.

కంపెనీలు ఇలా ఎందుకు చేస్తాయన్నది అర్థం చేసుకోవడం కష్టం కాదు. కూలర్, గొట్టాలు, బిగింపులు అంటే ప్రతి కారు మీదా ఖర్చు, బరువు, లీక్ అయ్యే చోట్లు పెరగడం. స్పోర్ట్స్ కారు కొన్నవారిలో ఎక్కువమంది ట్రాక్ మొహం చూడరు. చలి దేశాల్లో ఆయిల్ త్వరగా వేడెక్కడమే కావాలి. మైలేజీ, పొగ పరీక్షల్లోనూ త్వరగా వేడెక్కే ఆయిలే మంచి ఫలితం ఇస్తుంది.

ఆయిల్‌కు వేడి ఎక్కడి నుంచి వస్తుంది

ఇంజిన్ ఆయిల్ అంటే రాపిడి తగ్గించే ద్రవం అనే చాలామందికి తెలుసు. అది వేడిని మోసుకెళ్లే ద్రవం కూడా. రేడియేటర్ నీళ్లు సిలిండర్ గోడల చుట్టూ, సిలిండర్ హెడ్‌లోనూ తిరుగుతాయి. పిస్టన్ అడుగు భాగానికి, క్రాంక్‌షాఫ్ట్ బేరింగులకు, క్యామ్‌షాఫ్ట్‌లకు నీళ్లు చేరవు. అక్కడి వేడిని తీసుకునేది ఆయిలే. టర్బో ఉన్న ఇంజిన్‌లో టర్బో షాఫ్ట్ బేరింగు వేడి కూడా దానికే తోడవుతుంది.

దీనితోపాటు ఆయిల్ తనలో తానే వేడి పుట్టించుకుంటుంది. బేరింగులో లోహానికీ లోహానికీ మధ్య ఉండే సన్నటి పొర నిమిషానికి వేల సార్లు కోసుకుపోతూ ఉంటుంది. ఆ కోతలో పోయిన శక్తి అంతా వేడిగా మారుతుంది. ఆర్‌పీఎం పెరిగే కొద్దీ ఈ వేడి బాగా వేగంగా పెరుగుతుంది. హైవే మీద 2,500 ఆర్‌పీఎంతో గంటలకొద్దీ పోయే ఇంజిన్‌కూ, ట్రాక్ మీద 5,000కూ 7,500కూ మధ్య తిరుగుతూనే ఉండే ఇంజిన్‌కూ తేడా ఇక్కడే వస్తుంది. వేగం కంటే ఆర్‌పీఎం, యాక్సిలరేటర్ ఎంతసేపు పూర్తిగా తొక్కి ఉన్నారు అన్నవే అసలు లెక్క.

కూలర్ లేని కారులో ఈ వేడి కొంత ఇంజిన్ బ్లాక్ ద్వారా నీళ్లలోకి, కొంత అడుగున ఉండే ఆయిల్ పాన్ ద్వారా గాలిలోకి పోతుంది. పుట్టే వేడి, పోయే వేడి సమానమైన చోట ముల్లు ఆగుతుంది. 370జెడ్‌లో ఆ సమానం కుదిరే లోపే కంప్యూటర్ గీసిన గీత వచ్చేసింది.

వేడెక్కితే ఆయిల్‌కు ఏమవుతుంది

మొదటి మార్పు పలచబడటం. ఈ కారుకు సాధారణంగా వాడే 5డబ్ల్యూ-30 ఆయిల్‌కు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్‌ల (చిక్కదనాన్ని కొలిచే యూనిట్) మధ్య ఉండాలని వాహన ఇంజినీర్ల సంస్థ ఎస్ఏఈ ప్రమాణం చెబుతుంది. 100 డిగ్రీల దగ్గర 10.5 ఉండే ఒక సాధారణ 5డబ్ల్యూ-30ని తీసుకుంటే, 40 డిగ్రీల దగ్గర అది 60కి పైనే ఉంటుంది. 120 డిగ్రీల దగ్గర దాదాపు 7కు, 138 డిగ్రీల దగ్గర 5 చిల్లరకు దిగుతుంది. అంటే లింప్ మోడ్ మొదలయ్యే చోట, ఇంజిన్ మామూలుగా పనిచేసే చోట ఉన్న చిక్కదనంలో సగమే మిగులుతుంది.

చిక్కదనం తగ్గితే బేరింగు పొర సన్నబడుతుంది, ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది. పొర తెగిన క్షణం లోహం లోహాన్ని తాకుతుంది. బేరింగు అరిగిపోవడం అక్కడ మొదలవుతుంది. ట్రాక్ మలుపుల్లో ఆయిల్ ఒక పక్కకు ఒరిగి, పంపుకు గాలి అందే ప్రమాదం ముందే ఉంటుంది. పలచబడ్డ ఆయిల్‌తో ఆ ప్రమాదం మరింత పెరుగుతుంది.

రెండో మార్పు నెమ్మదిగా జరిగేది, తిరిగి రానిది. వేడి ఆయిల్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి చెడిపోతుంది. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగితే ఈ చెడిపోయే వేగం దాదాపు రెట్టింపవుతుందని ఇంజినీర్లు వాడే ఒక మోటు లెక్క. ఆ లెక్కన 140 డిగ్రీల దగ్గర గడిపిన పది నిమిషాలు, 100 డిగ్రీల దగ్గర రెండున్నర గంటలకు పైగా గడిపినంత పని చేస్తాయి. ట్రాక్‌కు తరచూ వెళ్లేవారు పది వేల కిలోమీటర్ల దాకా ఆగకుండా ముందే ఆయిల్ మార్చేది ఇందుకే.

మంచి సింథటిక్ ఆయిల్ ఉన్నప్పుడు 90 నుంచి 110 డిగ్రీల మధ్య ఉండటం మేలు. ట్రాక్ మీద 120, 125 కాసేపు కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. 130 దాటి ఇంకా ఎక్కుతూనే ఉంటే వేగం తగ్గించాలి. ఈ అంకెలు అన్ని ఇంజిన్లకూ ఒకేలా ఉండవు, కానీ నీళ్లతో చల్లబడే పెట్రోల్ స్పోర్ట్స్ కార్లు చాలావరకు ఈ పరిధిలోకే వస్తాయి.

నీళ్ల మీటర్ చూస్తే చాలదా?

చాలదు. రేడియేటర్ నీళ్లకు థర్మోస్టాట్, ఫ్యాన్ ఉంటాయి. అవి నీళ్లను 90, 100 డిగ్రీల దగ్గర పట్టి ఉంచుతాయి. ఆయిల్ 135 దగ్గర ఉన్నా నీళ్ల ముల్లు నడుమనే ఉండొచ్చు. పైగా చాలా కార్లలో నీళ్ల మీటర్‌ను కావాలనే బండగా తయారు చేస్తారు. కొంత పరిధిలో ఉష్ణోగ్రత మారినా ముల్లు కదలదు. డ్రైవర్‌కు అనవసరపు టెన్షన్ రాకుండా ఉండేందుకు అది.

ఆయిల్ మీటర్ లేని కారులో ఓబీడీ పోర్టు (కారు కంప్యూటర్ సమాచారం చదివే సాకెట్) ద్వారా ఆయిల్ ఉష్ణోగ్రత కనిపిస్తుందేమో ముందు చూడాలి. కనిపించినా, కొన్ని కార్లు దాన్ని కొలవవు, లెక్కగట్టి చూపిస్తాయి. నమ్మదగ్గది విడిగా బిగించిన సెన్సార్. అది ఎక్కడ ఉందన్నదీ ముఖ్యమే. పాన్‌లోని ఆయిల్ ఉష్ణోగ్రతకూ, ఫిల్టర్ దగ్గరి ఉష్ణోగ్రతకూ తేడా ఉంటుంది. కూలర్ బిగించాక అది ఇంకా పెరుగుతుంది. కూలర్‌కు ముందు కొలిచిన అంకెను, తర్వాత కొలిచిన అంకెతో పోల్చి ఇన్ని డిగ్రీలు తగ్గాయని చెప్పే ప్రకటనల్లో తరచూ జరిగే పొరపాటు ఇదే. ఒకే చోట, ఒకే రకం ఎండలో, ఒకే ట్రాక్ మీద కొలిచినప్పుడే ఆ పోలికకు విలువ.

370జెడ్ విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఈ కారు ఇంజిన్ చెందిన నిస్సాన్ వీక్యూ కుటుంబపు ఇంజిన్లలో వెనుక టైమింగ్ కవర్ లోపల ఆయిల్ దారిని మూసే కాగితపు గాస్కెట్లు చిరిగి, ప్రెషర్ పడిపోవడం బాగా తెలిసిన జబ్బు. వేడెక్కాక ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు) ప్రెషర్ తగ్గితే అది పలచబడ్డ ఆయిల్ వల్లో, చిరిగిన గాస్కెట్ వల్లో ముందు తేల్చుకోవాలి. గాస్కెట్ చిరిగిన ఇంజిన్‌కు ఎంత పెద్ద కూలర్ బిగించినా లాభం లేదు. పైగా గొట్టాల్లో ఇంకొంచెం ప్రెషర్ పోతుంది.

కూలర్ ఎంత వేడిని లాగగలదు

చిన్న లెక్క వేస్తే విషయం తేటపడుతుంది. నిమిషానికి 20 లీటర్ల ఆయిల్ కూలర్ గుండా పోతూ, లోపలికి వెళ్లినప్పటి కంటే 20 డిగ్రీలు చల్లబడి బయటికి వస్తోందనుకుందాం. లీటరు ఆయిల్ బరువు సుమారు 0.85 కిలోలు. కిలో ఆయిల్ ఒక డిగ్రీ చల్లబడితే దాదాపు 2.1 కిలోజౌళ్ల వేడి బయటికి పోతుంది. ఈ అంకెలు గుణిస్తే 12 కిలోవాట్లు వస్తుంది. ఇళ్లలో వాడే 2 కిలోవాట్ల గీజర్లు ఆరు కలిపినంత వేడి. ఇదే పని నీళ్లతో అయితే సగం బరువు ద్రవంతో సరిపోయేది. ఎందుకంటే నీళ్లు కిలోకు 4.2 కిలోజౌళ్లు మోస్తాయి. ఆయిల్ వేడిని మోయడంలోనూ, లోహానికి అందించడంలోనూ నీళ్ల కంటే వెనకబడే ఉంటుంది.

ఈ 12 కిలోవాట్లు ఎటు పోవాలి? గాలిలోకి. కూలర్ రెక్కల మధ్య నుంచి సెకనుకు 0.3 కిలోల గాలి పోతుందనుకుంటే, ఆ గాలి 40 డిగ్రీలు వేడెక్కి బయటికి వస్తుంది. ఈ అంకె చాలామంది పట్టించుకోనిది. 370జెడ్ కిట్లు ఎక్కువగా కూలర్‌ను ముందు బంపర్ వెనుక, రేడియేటర్‌కు ఎదురుగా పెడతాయి. దాని వెనుక ఏసీ కండెన్సర్, ఆ వెనుక రేడియేటర్ ఉంటాయి. కూలర్ కప్పిన మేరకు ఆ రెండింటికీ అందేది వేడిగాలే. అందుకే కొన్ని కార్లలో ఆయిల్ వేడి తగ్గి, నీళ్ల వేడి పెరుగుతుంది.

వాతావరణం కూడా లెక్కలోకి వస్తుంది. కూలర్ శక్తి ఆయిల్‌కూ, బయటి గాలికీ ఉన్న తేడా మీద ఆధారపడుతుంది. ఆయిల్‌ను 110 దగ్గర ఉంచాలనుకుంటే, 20 డిగ్రీల గాలిలో ఆ తేడా 90. రామగుండంలోనో, విజయవాడలోనో మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల గాలిలో అది 68. అంటే అదే కూలర్ ఇక్కడ మూడొంతులే పనిచేస్తుంది. చలి దేశాల వాడకందారు రాసిన రివ్యూ చూసి 19 వరసల (ఆయిల్ పారే సన్నటి పొరల) కూలర్ చాలనుకుంటే, ఇక్కడి ఎండలో చాలకపోవచ్చు. 370జెడ్‌కు 25 వరసలవి, 34 వరసలవి రెండూ దొరుకుతాయి. ట్రాక్‌కు ఎండాకాలం వెళ్లేవారు పెద్దదాని వైపు మొగ్గడంలో అర్థం ఉంది, థర్మోస్టాట్ ఉన్నప్పుడు మాత్రమే.

సైజు కంటే గాలి దారి ముఖ్యం

గాలి తనంతట తాను కూలర్ సందుల్లోకి దూరదు. ఎదురుగా ప్రెషర్ ఎక్కువగా, వెనుక తక్కువగా ఉంటేనే అటు పోతుంది. లేకపోతే చుట్టుపక్కల ఖాళీలోంచి సులువైన దారి వెతుక్కుంటుంది. కూలర్ చుట్టూ రెండు వేళ్ల సందు వదిలేస్తే గాలిలో ఎక్కువ భాగం ఆ సందులోంచే పోతుంది. పెద్ద కూలర్ కొని అలా వదిలేయడం కంటే, చిన్నది కొని అల్యూమినియం రేకుతో, ఫోముతో చుట్టూ మూసి గాలి దారి కట్టడం మంచి ఫలితం ఇస్తుంది. ఖర్చు తక్కువ, పని మాత్రం ఓపికతో చేయాల్సింది.

బంపర్ పక్కన, చక్రం ముందున్న ఖాళీలో కూలర్ పెట్టడం ఇంకో పద్ధతి. రేడియేటర్‌కు అడ్డం రాదు. అయితే ముందు గాలి రావడానికి ఒక రంధ్రం, వెనుక చక్రం గూటిలోకి గాలి పోవడానికి ఇంకో రంధ్రం ఉండాలి. రెండోది మరిచిపోయిన కార్లలో కూలర్ వేడిపెట్టెలా తయారవుతుంది.

ఇక సిటీ ట్రాఫిక్. కారు కదలనప్పుడు కూలర్‌కు గాలే అందదు. హైటెక్ సిటీ సిగ్నల్ దగ్గర ఆగిన కారుకు ఆయిల్ కూలర్ వల్ల ఒరిగేది ఏమీ లేదు. అక్కడ ఇంజిన్ వేడెక్కుతోందంటే చూడాల్సింది రేడియేటర్ ఫ్యాన్, కూలెంట్ మట్టం, థర్మోస్టాట్. ట్రాఫిక్ వేడికి ఆయిల్ కూలర్ సలహా ఇచ్చే గ్యారేజీ ఉంటే, సమస్యను సరిగా వెతకలేదనే అర్థం.

థర్మోస్టాట్ లేని కూలర్ ఎందుకు వద్దు

ఆయిల్‌ను వేడెక్కకుండా చూడటం సగం పని. తగినంత వేడెక్కనివ్వడం మిగతా సగం. పెట్రోల్ మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి కొంత పిస్టన్ రింగుల పక్కగా కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. మండని పెట్రోల్ కూడా కొంత చేరుతుంది. నేరుగా సిలిండర్‌లోకి పెట్రోల్ చిమ్మే కొత్త ఇంజిన్లలో ఇది మరీ ఎక్కువ. ఆయిల్ 100 డిగ్రీల దగ్గరికి చేరి కాసేపు అక్కడ ఉంటేనే ఇవి ఆవిరై బయటికి పోతాయి. ఎప్పుడూ 70 డిగ్రీల దగ్గరే తిరిగే ఆయిల్‌లో తేమ పేరుకుని, బురదలాంటి మడ్డి కడుతుంది. చల్లటి ఆయిల్ చిక్కగా ఉండి ఇంజిన్ మీద భారం కూడా పెంచుతుంది.

అందుకే మంచి కిట్లలో శాండ్‌విచ్ ప్లేట్ లోపలే థర్మోస్టాట్ ఉంటుంది. ఈ ప్లేట్ ఇంజిన్‌కూ, ఆయిల్ ఫిల్టర్‌కూ మధ్య బిగుస్తుంది. పంపు నుంచి వచ్చిన ఆయిల్ సుమారు 80, 82 డిగ్రీలు దాటే దాకా ఎక్కువ భాగం నేరుగా ఫిల్టర్‌కు పోతుంది. ఆ తర్వాత వాల్వు తెరుచుకుని కూలర్ దారి పడుతుంది. మూసి ఉన్నప్పుడు కూడా కొంచెం ఆయిల్‌ను కూలర్‌లోకి వదిలే ఏర్పాటు చాలా ప్లేట్లలో ఉంటుంది. వాల్వు తెరుచుకోగానే గొట్టాల్లోని గాలి, చల్లటి చిక్కటి ఆయిల్ ఒక్కసారిగా ఇంజిన్‌లోకి రాకుండా ఉండేందుకు అది. ఈ కారణంగా హైవే మీద చలికాలం ఉదయం ఆయిల్ ముందుకన్నా కొంచెం ఆలస్యంగా వేడెక్కుతుంది.

ఈ ప్లేట్‌లో మెచ్చుకోదగ్గ మరో సంగతి, కూలర్ నుంచి తిరిగొచ్చిన ఆయిల్ ఫిల్టర్ దాటాకే బేరింగులకు చేరడం. కొత్త కూలర్‌లోనో, గొట్టంలోనో మిగిలిన చిన్న లోహపు ముక్క ఏదైనా ఉంటే ఫిల్టర్ పట్టేస్తుంది.

అసలు ప్రమాదం లీక్

కూలర్ బిగించే ముందు అందరూ వేడి గురించి ఆలోచిస్తారు. బిగించాక ఆలోచించాల్సింది లీక్ గురించి. ఇంజిన్ పూర్తి ప్రెషర్‌తో ఉన్న ఆయిల్ ఇప్పుడు బ్లాక్ బయటికి వచ్చి, రెండు గొట్టాల గుండా బంపర్ దాకా వెళ్లి తిరిగి వస్తోంది. 370జెడ్‌లో ఉండే ఆయిల్ సుమారు 5 లీటర్లు. నిమిషానికి 20 లీటర్లు పోసే పంపు ముందు గొట్టం ఊడిపోతే, పాన్ ఖాళీ కావడానికి పట్టేది పదిహేను సెకన్లు. ఆర్‌పీఎం ఎక్కువగా ఉంటే ఇంకా తక్కువ. ఆ ఆయిల్ వెనుక టైర్ల కింద పడితే కారు అదుపు తప్పుతుంది. వేడి ఎగ్జాస్ట్ మీద పడితే నిప్పు అంటుకుంటుంది.

లీక్‌లు ఎక్కువగా మూడు చోట్ల మొదలవుతాయి. శాండ్‌విచ్ ప్లేట్ అడుగున ఉండే రబ్బరు రింగు పక్కకు జరిగి నలిగిపోవడం ఒకటి. అల్యూమినియం ఫిట్టింగులను బలవంతంగా బిగించి మరలు చెడగొట్టడం రెండోది. మూడోది గొట్టం రాసుకోవడం. స్టీల్ జాలీ అల్లిన గొట్టం చూడటానికి గట్టిగా ఉంటుంది, కానీ అది తాకిన ప్రతిదాన్నీ రంపంలా కోస్తుంది. ఛాసిస్ అంచునూ, వైర్లనూ, చివరికి పక్కనే ఉన్న రెండో గొట్టాన్నీ. రబ్బరు తొడుగు వేసి, క్లిప్పులతో కదలకుండా కట్టాల్సిందే. ఇంజిన్ తన మౌంట్ల మీద ఊగుతుంది, కూలర్ బాడీకి బిగిసి ఉంటుంది. కాబట్టి గొట్టానికి ఆ ఊగే మేర వదులు ఉండాలి. బంపర్ ముందు నుంచి ఎగిరే రాళ్లకు అడ్డంగా చిన్న జాలీ పెట్టడం కూడా మేలు.

బిగించడం అయ్యాక ఆయిల్ మట్టం చూసే పద్ధతి కూడా మారుతుంది. కూలర్, గొట్టాలు కలిపి అర లీటరు నుంచి లీటరు దాకా అదనంగా పట్టొచ్చు. ఐడిల్‌లో ఐదు నిమిషాలు నడిపి డిప్‌స్టిక్ చూస్తే థర్మోస్టాట్ ఇంకా తెరుచుకోకపోవచ్చు. తెరుచుకున్నాక ఆయిల్ కూలర్‌లోకి వెళ్లి పాన్‌లో మట్టం పడిపోతుంది. అందుకే కారును రోడ్డు మీద బాగా వేడెక్కేదాకా నడిపి, ఆపి, కొన్ని నిమిషాలు ఆగి చూడాలి.

నీళ్లతో చల్లబరిచే పద్ధతి, పాత కార్ల పద్ధతి

గాలితో చల్లబరిచే కూలర్ ఒక్కటే దారి కాదు. చాలా కొత్త కార్లలో ఫిల్టర్ పక్కనే చిన్న డబ్బాలాంటి భాగం ఉంటుంది. అందులో ఆయిల్, రేడియేటర్ నీళ్లు పక్కపక్క పొరల్లో ప్రవహిస్తాయి. ఉదయం స్టార్ట్ చేసినప్పుడు త్వరగా వేడెక్కిన నీళ్లు ఆయిల్‌ను వేడెక్కిస్తాయి. తర్వాత అవే నీళ్లు ఆయిల్‌ను చల్లబరుస్తాయి. బయట గొట్టాలు తక్కువ, లీక్ భయం తక్కువ, ఆయిల్ అతిగా చల్లబడే ప్రసక్తి లేదు. రోజూ నడిపే కారుకు ఇదే మంచి ఏర్పాటు. దీని హద్దు కూడా అక్కడే ఉంది. నీళ్లే 100 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు ఆయిల్‌ను అంతకన్నా కిందికి దించలేవు. ఆయిల్ వేడి అంతా రేడియేటర్ మీదే పడుతుంది.

గాలితో చల్లబడే పాత పోర్షే 911ల్లో రేడియేటర్ నీళ్లే లేవు కాబట్టి ఆయిల్ బాధ్యత ఎంతో ఎక్కువ. శక్తిమంతమైన 911ఎస్‌కు 1969 మోడల్‌లో ముందు ఫెండర్ లోపల అదనపు ఆయిల్ కూలర్ వచ్చింది. వెనుక ఉన్న ఇంజిన్ నుంచి కారు ముందు దాకా పైపులు వేసి మరీ గాలి దొరికే చోటుకు ఆయిల్‌ను తీసుకెళ్లారు. మన రోడ్ల మీద తిరిగే బజాజ్ పల్సర్ 220, రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 ఇంజిన్ల ముందు కనిపించే చిన్న రేడియేటర్ లాంటిది కూడా ఆయిల్ కూలరే. గాలితో చల్లబడే ఇంజిన్‌కు అది తోడు.

చిక్కటి ఆయిల్ పోస్తే సరిపోదా?

కొంతవరకు సరిపోతుంది. 100 డిగ్రీల దగ్గర 14 సెంటీస్టోక్‌లు ఉండే 5డబ్ల్యూ-40 ఆయిల్, 138 డిగ్రీల దగ్గర దాదాపు 7 దగ్గర ఉంటుంది. 5డబ్ల్యూ-30కి ఆ చిక్కదనం 120 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంటే బేరింగు పొర వరకు చూస్తే, ఒక గ్రేడు పైకి వెళ్లడం ఆయిల్‌ను 18 డిగ్రీలు చల్లబరిచినంత పని చేస్తుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు ట్రాక్‌కు వెళ్లేవారికి, కంపెనీ మాన్యువల్ ఆ గ్రేడును అనుమతిస్తే, ఇది చవకైన మార్గం. కానీ చిక్కటి ఆయిల్ తనలో తాను ఇంకొంచెం ఎక్కువ వేడి పుట్టిస్తుంది. వేడికి చెడిపోవడం ఆగదు. కంప్యూటర్ చూసేది ఉష్ణోగ్రతనే కాబట్టి 370జెడ్‌లో లింప్ మోడ్ కూడా ఆగదు.

పై గేరులో నడపడం, రెండు మూడు గట్టి ల్యాప్‌ల తర్వాత ఒక నెమ్మది ల్యాప్ వేయడం, మధ్యాహ్నం కాకుండా ఉదయం స్లాట్ తీసుకోవడం, ఇవన్నీ డబ్బు అడగని ఉపాయాలు. ట్రాక్‌కు కొత్తగా వెళ్లేవారు మొదటి సీజన్ వీటితో గడిపి, మీటర్ అంకెలు రాసుకుని, ఆ తర్వాత కూలర్ నిర్ణయం తీసుకోవడం మంచిది.

చట్టం, వారంటీ

భారత్‌లో మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు మారేలా వాహనాన్ని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ను గట్టిగా సమర్థించింది. ఆయిల్ కూలర్ వల్ల ఇంజిన్ నంబరో, రంగో, సీట్లో, ఇంధనమో మారవు. అయితే కూలర్ కోసం బంపర్ వెనుక ఉన్న స్టీల్ దూలాన్ని కోసేస్తే అది వేరే సంగతి. అది ప్రమాదంలో ప్రాణం కాపాడే భాగం, దాన్ని కోయాల్సి వచ్చే కిట్ ఎంత మంచిదైనా వద్దు. బీమా కంపెనీకి మార్పు సంగతి ముందే రాసి తెలియజేయడం తర్వాత వచ్చే తగాదాలను తగ్గిస్తుంది.

అమెరికాలో ఉన్న తెలుగువారిలో టెక్సాస్, కాలిఫోర్నియా ట్రాక్‌ల మీద వారాంతాల్లో ఇలాంటి కార్లు నడిపేవారూ ఉన్నారు. అక్కడ 1975 నాటి మాగ్నుసన్-మాస్ చట్టం వర్తిస్తుంది. బయటి భాగం బిగించినంత మాత్రాన కంపెనీ వారంటీ మొత్తం రద్దు చేయడానికి వీల్లేదు. ఆ భాగం వల్లే చెడిపోయిందని చూపించాలి. కానీ బేరింగు పోయిన ఇంజిన్‌కు, లీకైన కూలర్ గొట్టం పక్కనే ఉంటే అలా చూపించడం కంపెనీకి కష్టమేమీ కాదు. ఇంకా వారంటీ ఉన్న కారుకు, తయారీదారే అమ్మే కూలర్ దొరికితే అది సురక్షితమైన ఎంపిక.

బిగించాక ఏం చూడాలి

భారత్‌లో ఇలాంటి కారును హద్దుల దాకా నడపగల చోట్లు కొన్నే. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని 3.7 కిలోమీటర్ల ట్రాక్, గ్రేటర్ నోయిడాలోని 5.1 కిలోమీటర్ల బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్, కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వే. బుద్ధ్‌లో కిలోమీటరు పైనుండే నేరు దారి మీద కూలర్‌కు గాలి బాగా అందుతుంది. మలుపులు దగ్గరదగ్గరగా ఉండే చిన్న ట్రాక్‌లో ఆర్‌పీఎం ఎక్కువ, గాలి తక్కువ. కూలర్ చాలుతుందో లేదో తేలేది అక్కడ.

మొదటి సెషన్‌లో ముల్లు ఎంత దాకా ఎక్కిందన్నదే కాదు, ఎక్కి ఆగిందా అన్నదీ చూడాలి. పది నిమిషాల తర్వాత 115 దగ్గర నిలబడితే కూలర్ సరిపోయినట్టు. నెమ్మదిగానైనా ఎక్కుతూనే ఉంటే సైజు కంటే ముందు గాలి దారిని అనుమానించాలి. హైవే మీద 75 దాటకపోతే థర్మోస్టాట్ తెరిచి ఉండిపోయినట్టు. నీళ్ల ఉష్ణోగ్రతను కూడా ముందూ వెనుకా పోల్చాలి. సెషన్ అయ్యాక బంపర్ కింద, ఫిల్టర్ దగ్గర చేత్తో తుడిచి తడి ఉందేమో చూడాలి. వంద కిలోమీటర్ల తర్వాత మళ్లీ ఒకసారి చూడాలి. ఎప్పుడైనా ఇంజిన్ బేరింగు పోయి లోహపు పొడి ఆయిల్‌లో కలిస్తే, కొత్త ఇంజిన్‌కు పాత కూలర్‌ను కడిగి వాడకూడదు. ఆ సన్నటి పొరల్లో ఇరుక్కున్న పొడి పూర్తిగా బయటికి రాదు. దాన్ని పారేసి కొత్తది కొనాలి.